ఊరి అమరవీరుల స్మారకం: స్థలం కాగితాల నుంచి సంస్మరణ ఉదయం వరకు

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరాన్ని చుట్టుపక్కల ఊళ్లవారు మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఊరి నుంచి 90 మంది, రెండో ప్రపంచ యుద్ధానికి 1,110 మంది వెళ్లారని చెప్పుకుంటారు. ఇంటింటా సైనికులున్న ఊళ్లో జ్ఞాపకానికి వేరే ఏర్పాటు పెద్దగా అక్కరలేదు. ఏ అరుగు మీద నలుగురు కూర్చున్నా ఆ మాటే వస్తుంది. పదిమందో ఇరవైమందో సైన్యంలోకి వెళ్లి, వారిలో ఒకరిద్దరు తిరిగి రాని ఊళ్ల సంగతి వేరు. అక్కడ స్మారకం కట్టాలన్న ఉత్సాహం అంత్యక్రియలు జరిగిన వారంలో ఉవ్వెత్తున లేస్తుంది. ఏడాది తిరిగేసరికి ఆ భారమంతా ఇద్దరు ముగ్గురు మాజీ సైనికుల మీద మిగులుతుంది. అలాంటి ఊళ్లలో ఈ పని తలకెత్తుకున్నవారికి పనికొస్తుందని, మా ఊరి స్మారక కమిటీలో పన్నెండేళ్లు పద్దులు రాసినవాడిగా తెలిసినంతవరకు రాస్తున్నాను.

స్థలం

మా ఊరి తొలి స్తూపం నోటిమాట మీద కట్టింది. ఒక పెద్దాయన రోడ్డు వారగా ఉన్న తన చేలో మూడు సెంట్లు ఇస్తున్నానని అందరి ముందూ అన్నారు, ఆయన మాట మీద అనుమానపడే సాహసం ఎవరికీ లేదు, మేమూ కాగితం అడగలేదు. ఆయన పోయాక కొడుకులు పంపకాలు చేసుకున్నప్పుడు ఆ మూడు సెంట్లు కూడా ఒకరి వాటాలో కలిశాయి, ఆ వాటా అమ్ముడైంది, కొన్నాయన వచ్చి ఎంతో మర్యాదగా స్తూపం ఎప్పుడు తీస్తారని అడిగాడు. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. దస్తావేజులో ఒక్క వాక్యం లేకపోవడమే మా తప్పు. అందువల్ల శిల్పిని వెతకడానికి ముందు, చందా పుస్తకం అచ్చు వేయించడానికి ముందు, స్థలం సంగతి తేల్చుకోవాలని నేను ప్రతి కమిటీకీ చెబుతాను.

ఐదు సెంట్లు చాలు. తెలంగాణ లెక్కలో రెండు గుంటలు. రెండూ సరిగ్గా 242 గజాలే. అందులో స్తూపం, జెండా దిమ్మె, రెండు చెట్లు, వందమంది నిలబడే జాగా హాయిగా సరిపోతాయి. అంతకంటే పెద్ద స్థలాన్ని శుభ్రంగా ఉంచడం చిన్న ఊరికి కష్టం, పైగా ఖాళీగా కనబడే జాగా మీద అందరి కన్నూ పడుతుంది.

ఎక్కడ కట్టకూడదో ముందు తెలుసుకోవాలి. నాలుగు రోడ్ల కూడలి అందరికీ నచ్చే చోటే గాని, రహదారులు, కాలిబాటలు, ఇతర ప్రజోపయోగ స్థలాల్లో విగ్రహాలకూ కట్టడాలకూ రాష్ట్రాలు అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న ఆదేశించింది. రోడ్డు వెడల్పు చేసే రోజు రాకమానదు, ఆ రోజు ముందుగా కదిలేది దిమ్మెలే. చెరువు గట్టు కూడా వద్దు. చెరువుల వంటి గ్రామ ఉమ్మడి భూముల్లోని ఆక్రమణలను తొలగించాలని అదే న్యాయస్థానం 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో గట్టిగా చెప్పింది. దేవాదాయ భూమి, అసైన్డ్ భూమి ఎవరైనా ఇస్తామంటే, తహసీల్దారు కార్యాలయంలో రాతపూర్వకంగా తేల్చుకోకుండా పలుగు వేయవద్దు. ఇక్కడ ఇంకొక మాట, కాగితాల్లో కనబడనిది, చెప్పాలి. స్థలం ఊళ్లో ఏదో ఒక కులంవారి వీధి నడుమ ఉంటే, ఎంత అందంగా కట్టినా మిగతా పేటలవారు మొదటి ఏడు వచ్చి, రెండో ఏడు దూరం నుంచి చూసి, మూడో ఏడు మానేస్తారు. బడి పక్కన, పంచాయతీ కార్యాలయం ఆవరణలో, అందరి కాళ్లూ సహజంగా తిరిగే చోట కట్టడం మేలు.

పట్టా భూమిని దాత ఇస్తున్నట్లయితే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం స్థిరాస్తి దానం చెల్లాలంటే రిజిస్టరైన దస్తావేజు ఉండాలి, దాత సంతకం చేయాలి, కనీసం ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి, దాత బతికి ఉండగానే పుచ్చుకునేవారు ఆ దానాన్ని స్వీకరించాలి. దానికి ముందు సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి ముప్పై ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం) తీసి చూడాలి. అడంగల్, 1బి అనే రెవెన్యూ రికార్డుల నకళ్లలో దాత పేరు ఉన్నదో లేదో సరిచూడాలి. సర్వే నంబరు నిషేధిత భూముల 22ఏ జాబితాలో లేదని నిర్ధారించుకోవాలి. తరువాత మండల సర్వేయరును పిలిపించి ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పటం) ప్రకారం కొలతలు వేయించి, నాలుగు మూలలా హద్దు రాళ్లు పాతించాలి. హద్దు రాయి పాతేటప్పుడు ఇరుగుపొరుగు రైతులను తప్పక పిలవండి, వారికి టీ ఇవ్వండి, కొలత పుస్తకంలో వారి చేత సంతకం పెట్టించండి. ఆ టీ ఖర్చు మా పద్దులో ఇప్పటికీ ఉంది. పదేళ్ల తరువాత గట్టు తగాదా వచ్చినప్పుడు ఆ సంతకాలే మమ్మల్ని కాపాడాయి. దాత పిల్లలందరినీ సాక్షులుగానో, సమ్మతి తెలిపేవారిగానో దస్తావేజులో చేర్చడం చట్టం అడగకపోయినా, ఊరి మనశ్శాంతికి అవసరం.

దానం ఎవరి పేరున రాయించాలనే విషయంలో రెండు అభిప్రాయాలున్నాయి. ఏడుగురు సభ్యులతో సొసైటీ రిజిస్టరు చేయించి దాని పేరున పెట్టుకోవచ్చు, లేదా గ్రామ పంచాయతీ పేరున పెట్టవచ్చు. నా మొగ్గు పంచాయతీ వైపే. సొసైటీ ఏటా సభ్యుల జాబితా, లెక్కలు దాఖలు చేయాలి, అది నాలుగేళ్లు నడిచి ఐదో ఏట మూలపడుతుంది. పంచాయతీ మాత్రం సర్పంచులు మారినా ఉంటుంది. కాకపోతే పంచాయతీ చేతికి వెళ్లిన ఖాళీ స్థలంలో రేపు నీళ్ల ట్యాంకో చెత్త షెడ్డో లేవకుండా, ఈ స్థలం అమరుల స్మారకం కోసమే తప్ప మరే పనికీ వాడరాదని దస్తావేజులోనే రాయించి, నిర్వహణ బాధ్యతను స్మారక కమిటీకి అప్పగిస్తూ పంచాయతీ తీర్మానం చేయించుకోవాలి. ఆ తీర్మానం నకలు మీద తేదీ, తీర్మానం సంఖ్య, ముద్ర ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి.

పేర్లు

రాతి మీద ఎవరి పేర్లు ఉండాలన్నది అన్నిటికంటే చిక్కు ప్రశ్న. సైన్యం లెక్కల్లో శత్రువు చేతిలో, తీవ్రవాదుల చేతిలో పోయినవారిని బ్యాటిల్ క్యాజువాల్టీ అనీ, జబ్బుతోనో సాధారణ ప్రమాదంలోనో పోయినవారిని ఫిజికల్ క్యాజువాల్టీ అనీ విడదీస్తారు. కుటుంబానికి అందే సాయంలో ఈ తేడా ఉంటుంది. ఊరి రాతి మీద కూడా ఉండాలా? 2020 జూన్ 15న గల్వాన్‌లో ప్రాణమిచ్చిన సూర్యాపేట వాసి కల్నల్ సంతోష్ బాబు విషయంలో ఎవరికీ సందేహం రాదు. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్‌తో పాటు హెలికాప్టర్ కూలి మరణించిన అప్పటి చిత్తూరు జిల్లా వాసి లాన్స్ నాయక్ సాయితేజ పేరును పక్కన పెట్టాలని ఏ ఊరి మనసూ ఒప్పుకోదు. ఇక సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్ వంటి, సైన్యం లెక్కలోకి రాని దళాల జవాన్ల మాట వస్తుంది. మేము చాలా రాత్రులు వాదించుకుని, శీర్షికను "దేశ రక్షణ విధుల్లో ప్రాణాలర్పించిన మన ఊరివారు" అని పెట్టుకున్నాము. ఆ ఒక్క వాక్యంతో సగం తగాదాలు సద్దుమణిగాయి. ఉద్యోగ విరమణ చేసి ఇంటి దగ్గర కాలం చేసినవారి పేర్లు వేరే పలక మీదో, రిజిస్టరులోనో ఉండాలి తప్ప ఈ జాబితాలో కలపకూడదు.

ప్రతి పేరుకూ ఒక కాగితం ఉండాలి. ఇంట్లో ఉన్న టెలిగ్రామో, రెజిమెంటు నుంచి వచ్చిన ఉత్తరమో, పెన్షన్ మంజూరు పత్రమో (పీపీఓ) నకలు తీసి భద్రపరచండి. సర్వీసు నంబరు, హోదా, యూనిట్, మరణించిన తేదీ, స్థలం తెలిస్తే ఆ రెజిమెంటు రికార్డు ఆఫీసుకు రాయవచ్చు. మద్రాస్ రెజిమెంటుకు నీలగిరిలోని వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్లకు (ఇంజనీరు దళం) బెంగళూరు, ఆర్టిలరీకి నాసిక్ రోడ్. జిల్లా సైనిక సంక్షేమ అధికారి కార్యాలయం ద్వారా పంపితే జవాబు త్వరగా వస్తుందని మా అనుభవం.

ప్రపంచ యుద్ధాల నాటి పేర్లకు, అప్పటి బ్రిటిష్ సామ్రాజ్య సైన్యాల్లో పోయినవారి సమాధులు, పేర్లు చూసే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో వెతకాలి. ఆ సంస్థ 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు మరణించినవారిని లెక్కలోకి తీసుకుంటుంది. వెతికేటప్పుడు నేటి స్పెల్లింగులు నమ్ముకోవద్దు. మనవాళ్ల పేర్లు చాలావరకు ఇంటిపేరు లేకుండా ఒక్క ముక్కగా ఉంటాయి, తండ్రి పేరు ఉంటే "ఫలానా వారి కుమారుడు" అని పక్కన ఉంటుంది, జిల్లా పేరు కిస్ట్నా అనో వైజాగపటం అనో కనబడుతుంది. బర్మాలో పోయిన సైనికుడి పేరు రంగూన్ స్మారకం మీద, మలయా, సింగపూర్ వైపు పోయినవాడి పేరు సింగపూర్‌లోని క్రాంజీలో, మొదటి యుద్ధంలో ఫ్రాన్స్‌లో పోయినవాడి పేరు నవ్ షాపెల్‌లో ఉండే అవకాశం ఎక్కువ. ముసలివాళ్లు రంగూన్‌ను రంగం అంటారు; "తాత రంగం పోయాడు, మళ్లీ రాలేదు" అంటే రెండు అర్థాలున్నాయని గుర్తుంచుకోండి. రంగానికి కూలికి వెళ్లినవారూ ఉన్నారు.

పేర్ల వరుస హోదాను బట్టి కాకుండా మరణించిన తేదీని బట్టి ఉండాలి. హోదా, మతం, జాతి తేడా లేకుండా అందరికీ ఒకే తీరు అన్నది ఆ కమిషన్ నూరేళ్ల కిందటే పెట్టుకున్న నియమం, మన ఊళ్లకు అది మరింత అవసరం. చందా ఇచ్చినవారి పేర్లు స్తూపం మీద అసలే వద్దు. లోపలి గోడకు చిన్న పలక చాలు.

రాయి చెక్కించే ముందు ఒక జాగ్రత్త. మా రెండో స్తూపం ఆవిష్కరణ రోజు గుడ్డ తీయగానే ముందు వరుసలో కూర్చున్న ఒకావిడ లేచి దగ్గరికి వెళ్లి, భర్త పేరు మీద వేలు పెట్టి, ఇంటిపేరులో ఒక ఒత్తు దగ్గర ఆగిపోయింది. "ఇది మా ఇంటిపేరు కాదు నాయనా" అన్నది, అంతే. నల్లరాతిలో చెక్కిన అక్షరం చెరిపితే పోదు. లప్పం పెట్టి పూడ్చితే ఎండలో ఆ మచ్చ వేరే నలుపులో కనబడుతుంది. చివరికి పలక మొత్తం మార్పించాము. అప్పటి నుంచి, చెక్కేవాడు కాగితం మీద అసలు కొలతలో గీసిన అక్షరాలను ప్రతి కుటుంబానికీ పట్టుకెళ్లి, గుడి, గుడిదీర్ఘం, ఒత్తులు చదివి వినిపించి, వేలిముద్రో సంతకమో తీసుకున్నాకే ఉలి పట్టనిస్తున్నాము. తెలుగు అక్షరం అంగుళంన్నర ఎత్తుకు తగ్గితే ఒత్తుల్లో రంగు నిండి ముద్దగా మారుతుంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ మెరుపు ముచ్చటగా ఉంటుంది గాని దాని చుక్కల నడుమ సన్నని అక్షరం తప్పిపోతుంది. పేర్లకు మాత్రం చుక్కలు లేని నలుపే తీసుకోండి.

రోజు, వేళ

తేదీ ఎంపికలో జాతీయ దినాలు చాలా ఉన్నాయి. జులై 26 కార్గిల్ విజయ దివస్, డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం, డిసెంబరు 16న 1971 యుద్ధ విజయ దివస్, జనవరి 14 మాజీ సైనికుల దినం. డెల్టా ఊళ్లలో జులై 26న జనమంతా నాట్లలో ఉంటారు, ఆకాశం ఎప్పుడు కురుస్తుందో తెలియదు. జనవరి 14 అయితే పై దేశాల్లో ఉన్నవారు కూడా పండక్కి ఇంటికి వచ్చి ఉంటారు, కాని గోదావరి జిల్లాల్లో ఆ రోజు కోడిపందేల బరుల దగ్గర మైకుల హోరులో రెండు నిమిషాల మౌనం దొరకదని చెప్పనక్కరలేదు. డిసెంబరు 16 మాకు కుదిరింది: ధనుర్మాసపు చలి, కోతలు చాలావరకు అయిపోయిన తీరిక, పూలు చవక. ఒక్క సైనికుడినే కోల్పోయిన ఊరైతే ఆయన పోయిన తేదీనే పెట్టుకోవడం సహజం, కాని ఆ రోజు ఇంట్లో ఆబ్దికం ఉంటుందేమో కుటుంబాన్ని అడగకుండా ఖాయం చేయవద్దు. వేళ ఉదయం ఏడున్నర. బడి గంటకు ముందే ముగియాలి.

కుటుంబాలను వాట్సాప్‌లో పిలవకూడదు. కమిటీ నుంచి ఇద్దరు ఇంటికి వెళ్లి చెప్పాలి. భర్త పోయిన స్త్రీని శుభకార్యాల్లో వెనక్కి నెట్టే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు, అందుకే వీరనారులు, అంటే అమరుల భార్యలు, ఈ సభకు వచ్చి కూడా చివరి వరుసలో గోడ పక్కన నిలబడతారు. వారి చేయి పట్టుకుని తెచ్చి ముందు కుర్చీలో కూర్చోబెట్టే పనిని పేరు పెట్టి ఒకరికి అప్పగించండి. ఎమ్మెల్యేగారు వచ్చినా ఆ కుర్చీలు ఖాళీ చేయించకూడదని ముందే ఆయన మనుషులకు చెబితే, ఎవరూ నొచ్చుకోరు.

వరుస

అందరూ నిలబడగానే ఎన్‌సీసీ పిల్లలు కవాతుగా వచ్చి స్తూపానికి రెండు వైపులా నిలుస్తారు. తరువాత పేర్లు చదవాలి. ఒక్కొక్క పేరు, యూనిట్, తేదీ, పోయిన చోటు. ఒక పేరుకూ మరో పేరుకూ మధ్య ఒక ఊపిరి. మా ఊళ్లో తొమ్మిదో తరగతి పిల్లలు చదువుతారు, వారం ముందు నుంచి సాధన చేయిస్తాము. ఆ తరువాత పుష్పగుచ్ఛాలు: మొదట కుటుంబాలు, తరువాత మాజీ సైనికులు, ఆ తరువాతే సర్పంచి, అధికారులు. అధికార మర్యాదలు పాటించే చోట ఈ వరుస వేరుగా ఉండవచ్చు. ఊరి సభ ఊరిది, ఇక్కడ కుటుంబమే ముందు. వెదురు బద్దను వలయంగా వంచి, వరిగడ్డి చుట్టి, బంతిపూలు గుచ్చితే పుష్పవలయం ఇంట్లోనే తయారవుతుంది. పూలదండలు స్తూపం మెడకు వేలాడదీస్తే పేర్లు కప్పుకుపోతాయి కాబట్టి అన్నీ పాదం దగ్గరే ఉంచాలి.

అప్పుడు బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ అనే వీడ్కోలు బాణీ, రెండు నిమిషాల మౌనం, మళ్లీ బ్యూగిల్ మీద రౌజ్ అనే మేలుకొలుపు బాణీ, చివరికి జాతీయ గీతం. బ్యూగిల్ వాయించేవారు దొరక్కపోతే రికార్డింగ్ వాడవచ్చు, అయితే దాన్ని ముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. ఒక ఏడాది మేము ఫోన్‌లో ఇంటర్నెట్ వీడియో పెట్టాము. లాస్ట్ పోస్ట్ చివరి స్వరం ఆగి, అందరూ తలలు వంచిన క్షణంలో, సిమెంటు ప్రకటన పెద్ద గొంతుతో అందుకుంది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది నాకు. మౌనాన్ని గడియారం పట్టుకుని ఒకరు కొలవాలి. కొలవకపోతే నలభై సెకన్లకే ఎవరో దగ్గుతారు, అయిపోయిందనుకుని కుర్చీలు కదులుతాయి.

మాజీ సైనికులు పతకాలను ఎడమ రొమ్ము మీద ధరిస్తారు. పోయినవారి పతకాలను కుటుంబసభ్యులు ధరించదలిస్తే కుడివైపు పెట్టుకోవాలి. చెప్పులు విడిచి రావాలా అన్న ప్రశ్న ఏటా వస్తుంది. యూనిఫాంలో ఉన్నవారు బూట్లు విప్పరు, మిగతావారు వారి మనసుకు తోచినట్లు చేయవచ్చు. కొబ్బరికాయ, హారతి, మంత్రం వద్దన్నాము, ఎందుకంటే రాతి మీద పేర్లు ఒక్క మతానివి కావు; దీపం, పూలు అందరివీ. ఉపన్యాసం ఒక్కటే, మూడు నిమిషాలు, ఆ ఏడాది ఒక సైనికుడి జీవితం గురించి. శాలువాల తంతు మొదలైందంటే సభ పదింటికి గాని ముగియదు. ఫ్లెక్సీలకు గేటు లోపల చోటు లేదని పంచాయతీ తీర్మానంలోనే రాయించుకున్నాము, ఇంతవరకు అన్ని పార్టీలూ దాన్ని మన్నించాయి.

జెండా విషయంలో తెలియక జరిగే తప్పులు రెండున్నాయి. సంతాపం కదా అని జాతీయ పతాకాన్ని అవనతం చేయకూడదు. ప్రభుత్వం ఆదేశించిన సందర్భాల్లోనే అలా చేయాలని 2002 పతాక నియమావళి చెబుతున్నది. ఆవిష్కరణ రోజు స్తూపాన్ని త్రివర్ణ పతాకంతో కప్పడం కూడా నిషిద్ధం, మామూలు తెల్ల గుడ్డ వాడాలి. 2022 జులై సవరణ తరువాత ప్రజలు తమ స్థలంలో జెండాను రాత్రి కూడా ఎగరనివ్వవచ్చు, కాని చిరిగిన జెండా రోజుల తరబడి గాలికి కొట్టుకోవడం కంటే ఆ ఉదయం ఎగరేసి సాయంత్రం దించడమే చిన్న ఊరికి సాధ్యమైన మర్యాద. పాడైన జెండాను చాటుగా, పూర్తిగా, గౌరవంగా దహనం చేయాలి.

మిగతా 364 రోజులు

స్మారకానికి అసలు పరీక్ష ధాన్యం ఆరబోత కాలంలో వస్తుంది. గచ్చు కనబడితే రైతు వడ్లు పోస్తాడు, అతణ్ని తప్పుపట్టలేము. మేము మొదట తగువు పడ్డాము. తరువాత స్తూపం అరుగును రెండడుగులు ఎత్తు చేసి, చుట్టూ గచ్చు తీసేసి గడ్డి నాటాము, సమస్య పోయింది. నీడకు వేప, పొన్న మంచివి. రావి మాత్రం స్తూపానికి దూరంగా ఉంచాలి. సందులో మొలిచిన రావి మొక్కను చిన్నప్పుడే పీకకపోతే రాతినే చీలుస్తుంది. పలకను మంచినీళ్లతో, మెత్తని గుడ్డతో తుడవాలి. ఆసిడ్ పోస్తే మెరుపు శాశ్వతంగా పోతుంది. అక్షరాల రంగు వెలిసిందో లేదో సంస్మరణకు నెల ముందు చూసుకోవాలి.

చందాలు ఇద్దరి సంతకాల బ్యాంకు ఖాతాలోనే పడాలి, సంస్మరణ ముగిసిన తరువాతి ఆదివారం ఖర్చులు పంచాయతీ దగ్గర చదివి వినిపించి గోడకు అంటించాలి. దస్తావేజు అసలు, ఈసీ, సర్వే నకలు, పంచాయతీ తీర్మానం, పేర్ల ఫైలు ఒకే ట్రంకు పెట్టెలో ఉండాలి, వాటి నకళ్లు వేరొకరి ఇంట్లో ఉండాలి. పూలు మూడో రోజు సాయంత్రం తీసేయండి, వాడిన వలయాలు వారాల తరబడి ఉంటే అదో నిర్లక్ష్యంలా కనబడుతుంది. వెదురు బద్దలు మాత్రం దాచండి, మరుసటి ఏడాదికి పనికొస్తాయి. గేటు తాళంచెవి మా ఊళ్లో ఎదురింటి కిరాణా కొట్టులో మేకుకు వేలాడుతుంది. ఎవరు అడిగినా ఇస్తారు, పుస్తకంలో పేరు రాయించుకుంటారు. నిరుడు ఆ పుస్తకంలో ఎక్కువసార్లు కనబడిన పేరు ఒకే ఒక్కరిది, ఇంటిపేరు దిద్దించిన ఆవిడది.